ఆసుపత్రికి గోడ సరే, గేటు ఎవరి చేతిలో?

ఆసుపత్రి ఇంకా లేవలేదు. గోడ మాత్రం లేచింది.

ఈ మధ్య మేము వెళ్ళిన ఒక ఊళ్ళో కళ్ళారా చూసిన సంగతి ఇది. జిల్లా కేంద్రానికి దగ్గరలో ప్రభుత్వ వైద్య కళాశాలకని భూమి కేటాయించారు. భవనాల పునాదులు పూర్తికాక ముందే చుట్టూ నిలువెత్తును మించిన గోడ కట్టారు. గోడ మీద ముళ్ళతీగ చుట్టలు, తారురోడ్డు వైపు ఒకే ఒక గేటు, గేటు పక్కన కాపలావాడి గది. తాతల కాలం నుంచి ఊరిజనం చేలకు నడిచే డొంక కాస్తా గోడ లోపలికి పోయింది. పత్తి తియ్యడానికి పోయే ఆడకూలీలు ఇప్పుడు గోడ వెంట చుట్టూ తిరిగి పోవాలి. పొద్దుగూకి నెత్తిన కట్టెల మోపుతో తిరిగొచ్చేటప్పుడు ఆ చుట్టుదారి ఎంత దూరమో మోసేవాళ్ళకే తెలుసు. "ఆసుపత్రి వస్తోందంటే సంబరపడ్డామయ్యా. జబ్బు చేస్తే లోనికి రానిస్తారో లేదో తెలవదు గానీ, జబ్బు చెయ్యకముందే బయటికి నెట్టారు" అన్నది అక్కడ ఒక ముసలమ్మ.

ఆ తల్లి మాట ఒక్క ఊరి గోడు కాదు. జిల్లా జిల్లాకూ వైద్య కళాశాలలు వస్తున్నాయి. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో మరో ఎనిమిది ప్రభుత్వ కళాశాలలు తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో తెరిచారు. ఇవి కావాలని అడిగినవాళ్ళం మనమే. పురుగుమందు ఒంటికి పట్టిన కూలీని, కాన్పు కష్టమైన ఆడబిడ్డను వంద కిలోమీటర్లు మోసుకుపోయి దారిలోనే పోగొట్టుకున్నవాళ్ళం మనం. కాబట్టి వీటికి అడ్డుపడే ప్రసక్తే లేదు. మనం అడిగేది ఒక్కటే: గోడ ఎక్కడ పెట్టాలి, గేటు ఎటు పెట్టాలి, ఆ గేటు ఎవరికి తెరవాలి, ఎవరికి మూయాలి? ఇది ఇంజనీరూ కాంట్రాక్టరూ కూర్చుని తేల్చుకునే విషయమా? ఊరిని అడగనక్కరలేదా?

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. వైద్య కళాశాలకు ప్రహరీ అక్కరలేదని మనం అనడం లేదు. హాస్టళ్ళలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి చదువుకునే ఆడపిల్లలుంటారు. ఆక్సిజన్ ట్యాంకు ఉంటుంది, దాని దగ్గర ఎవడో బీడీ ముట్టిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? వాడిన సూదులు, నెత్తుటి గుడ్డలు, కోసి తీసిన అవయవాలు ఉంటాయి. 2016 నాటి నిబంధనల ప్రకారం ఆ వ్యర్థాన్ని భద్రంగా ఉంచాలి, శుద్ధి చెయ్యకుండా 48 గంటలకు మించి నిలవ పెట్టకూడదు. కంచె లేకపోతే కుక్కలూ పందులూ దాన్ని ఊళ్ళోకి ఈడ్చుకొస్తాయి. సూదులు ఏరుకునే పసివాళ్ళు మన పిల్లలే. ఇవన్నీ పోగా, కంచె లేని సర్కారు భూమి ఏమవుతుందో మనకు తెలియదా? నాలుగేళ్ళు తిరిగేసరికి ఓ మూల పెద్దమనిషిగారి ప్లాట్ల రాళ్ళు మొలుస్తాయి. కనుక కంచె ఉండాల్సిందే.

అయితే ఇవాళ గోడ ఎత్తు పెంచడానికి, గేట్లు బిగించడానికి పాలకులు చూపే ముఖ్య కారణం వేరు. డాక్టర్లకు, నర్సులకు రక్షణ అంటున్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది. మన ప్రాణం పట్టుకున్న చేతులకు రక్షణ లేకపోతే మనకు వైద్యం ఎక్కడిది? కానీ గోడ ఆ రక్షణ ఇస్తుందా? జరిగిన దారుణాలనే ఒక్కొక్కటీ గుర్తు చేసుకుందాం.

1973 నవంబరులో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఒక నర్సు మీద ఘోరమైన దాడి జరిగింది. ఆమె నలభై ఒక్క ఏళ్ళకు పైగా అదే ఆసుపత్రి మంచం మీద జీవచ్ఛవంలా పడి ఉండి 2015 మేలో కన్నుమూసింది. దాడి చేసినవాడు అక్కడే పనిచేసే ఉద్యోగి. 2023 మే 10న కేరళలో కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో ఒక యువ హౌస్‌సర్జన్‌ను పొడిచి చంపారు. పొడిచినవాణ్ణి గాయానికి కట్టు కట్టించమని తీసుకొచ్చింది పోలీసులే. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరును చెరిచి చంపారు. పడుకోవడానికి సరైన గది లేక ఆ తల్లి సెమినార్ హాల్లో నడుము వాల్చింది. నేరం రుజువై 2025 జనవరిలో యావజ్జీవ శిక్ష పడినవాడు పోలీసుల కింద పనిచేసే సివిక్ వాలంటీరు. ఆ తర్వాత ఆగస్టు 14 అర్ధరాత్రి ఒక గుంపు వచ్చి అదే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగాన్ని ధ్వంసం చేస్తే గోడా ఆపలేదు, గేటూ ఆపలేదు, అక్కడున్న పోలీసులూ ఆపలేదు.

చూశారా? ప్రాణాలు తీసిన ఈ మూడు దారుణాల్లో గోడ దూకి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఒకడు అక్కడి ఉద్యోగి, ఒకడు పోలీసుల వెంట వచ్చినవాడు, ఒకడు కాపలా కాయవలసిన పక్షంవాడు. కంచే చేను మేసిన చోట కంచె ఎత్తు పెంచితే చేనుకు ఏం లాభం?

అంటే ఆసుపత్రికి కట్టుదిట్టాలు వద్దనా? కాదు. ఆ కట్టుదిట్టం ఎక్కడ ఉండాలన్నదే ప్రశ్న. ఆసుపత్రి అంతా ఒకే తాళం వేసే భోషాణం పెట్టె కాదు. ఎమర్జెన్సీకి ఎప్పుడైనా ఎవరైనా రావాలి. ఓపీకి పొద్దున పూట అందరూ రావాలి. వార్డుల్లోకి వేళలు పెట్టి, మనిషికి ఇంతమంది అని పంపించవచ్చు. కాన్పుల గది, ఆపరేషన్ థియేటరు, ఐ.సి.యు., మందుల గోదాము, హాస్టలు, డ్యూటీ గది, వీటి గుమ్మాలు గట్టిగా కాయాలి. బయట వదులుగా ఉండి లోపలికి పోయే కొద్దీ బిగువుగా ఉండాలి. మన ఏలినవారు చేసేది సరిగ్గా తలకిందులు. బయటి గేటు దగ్గర కూలివాడి సంచి దులిపి చూస్తారు. లోపల రాత్రి పన్నెండింటికి నర్సు ఒంటరిగా నడిచే వరండాలో బల్బు ఉండదు, డ్యూటీ గది తలుపుకు గడియ ఉండదు. గోడ రోడ్డున పోయే మంత్రిగారికి కనపడుతుంది, ప్రారంభోత్సవం నాడు ఫొటోలో పడుతుంది. గడియ ఎవరికి కనపడుతుంది?

ఇక రోగుల తాలూకు మనుషులు డాక్టర్ల మీద పడటం గురించి. ఇది తప్పు. మన కార్యకర్తలు ఊరూరా నిక్కచ్చిగా చెప్పవలసిన మాట ఇది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో చేసిన చట్టం ప్రకారం వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా పడవచ్చు. పగలగొట్టిన సామానుకు రెట్టింపు సొమ్ము కట్టాలి. ఆవేశంలో ఒక్క దెబ్బ వేసి పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగేది కూలివాడే. కానీ ఆ ఆవేశం ఎక్కడ పుడుతోంది? వార్డులో నర్సులు చాలరు. స్ట్రెచర్ తోసేది మన తమ్ముడు, రక్తం సీసా తెచ్చేది మన బావ, రాత్రంతా సెలైన్ చుక్కలు లెక్కపెట్టేది మన అక్క. సర్కారు వేయని సిబ్బంది పనంతా రోగి బంధువులు చేస్తున్నారు. తీరా వాళ్ళనే 'గుంపు' అని గేటు బయటికి తోస్తున్నారు. ముప్పై ఆరు గంటలు నిద్ర లేని జూనియర్ డాక్టరూ, మూడు రోజులు కూలి పోగొట్టుకున్న బంధువూ ఎదురెదురుగా నిలబడితే మాట పెరగకేం చేస్తుంది? ఆ ఇద్దరినీ అలా నిలబెట్టినవాడు మాత్రం ఏ గేటు దగ్గరా కనపడడు. అందుకే డాక్టర్ల రక్షణ పోరాటం, మన వైద్యం పోరాటం రెండు కావు. పోస్టులు నింపమనడమే రెండింటికీ మొదటి కోరిక.

గోడ మనుషుల్ని కాపాడుతుందనే నమ్మకానికి మరో సమాధానం కూడా కలకత్తాయే చెప్పింది. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున ధకూరియాలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో అగ్నిప్రమాదం జరిగింది. తొంభై మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది పొగకు ఊపిరాడక మంచాల మీదే పోయినవాళ్ళు. పొగను ముందుగా పసిగట్టి పరుగెత్తుకొచ్చింది పక్కనున్న మురికివాడ జనం. కాపలావాళ్ళు వాళ్ళను వెనక్కి పంపించారు. అయినా వాళ్ళు ఆగలేదు. తర్వాత గోడలెక్కి, వెదురుబొంగులూ తాళ్ళూ పట్టుకుని పొగలోకి దూరి, దొరికిన రోగినల్లా బయటికి తెచ్చింది ఆ పేదవాళ్ళే. గేటు దగ్గర అనుమానంగా చూసిన మనుషులే ఆ రాత్రి ఆసుపత్రికి అక్కరకొచ్చారు. ఇరుగుపొరుగును శత్రువుగా చూసే గోడ ఆపదలో సాయాన్ని కూడా బయటే ఉంచుతుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అందుకే ప్రతి వైద్య కళాశాలకూ ఊరి వైపు రెండో గేటు ఉండాలి. అగ్నిమాపక బండి తిరిగేంత వెడల్పుండాలి. దాని తాళం ఎవరి దగ్గర ఉందో ఇరవై నాలుగు గంటలూ తెలిసి ఉండాలి.

ఇప్పుడు భూమి సంగతికి వద్దాం. గోడ నేల మీద గీసే గీత. ఆ గీత ఎవరి బతుకు మీదుగా పోతోందన్నది మనకు ముఖ్యం. ఇలాంటి సంస్థలకు సామాన్యంగా ఇచ్చేది బంజరు, పోరంబోకు, అసైన్డు భూమి. కామందుల మాగాణి జోలికి ఎవరూ పోరు. కాగితం మీద బంజరే. కానీ అందులో గొర్రెలు మేస్తాయి, కట్టెలు దొరుకుతాయి, పట్టా లేని పేదవాడు కంది వేసుకుంటాడు. అసైన్డు భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. 2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, భూమి లేకపోయినా సేకరణకు ముందు మూడేళ్ళు ఆ భూమి మీదే ప్రధానంగా బతికిన వ్యవసాయ కూలీని, కౌలుదారును కూడా బాధిత కుటుంబంగా లెక్కించింది. ఈ మాట ఎంతమంది కూలీలకు తెలుసు? తెలియనివ్వరు. పైగా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ చట్టానికి సవరణలు తెచ్చుకుని, సామాజిక ప్రభావ అంచనా లేకుండానే కొన్ని రకాల ప్రాజెక్టులకు భూమి తీసుకునే దొడ్డిదారి వేసుకున్నాయి. అందువల్ల గోడ పునాది తవ్వకముందే కూలీల జాబితా పెట్టమని మనమే అడగాలి. గోడ లేచాక మన మాట అవతలి వైపు వినపడదు.

దారి సంగతీ అంతే. ప్రైవేటు భూమిలో 20 ఏళ్ళు, సర్కారు భూమిలో 30 ఏళ్ళు అడ్డు లేకుండా, హక్కుగా, బాహాటంగా నడిచిన దారి మీద నడిచే హక్కు ఏర్పడుతుందని చట్టం చెబుతోంది. డొంక, పుంత గ్రామ నక్షాలో గీసి ఉంటే మరీ బలం. ముందు ప్రత్యామ్నాయ దారి వేసి, తర్వాతే పాత దారి మూయమనండి. "తర్వాత చూద్దాం" అన్న మాటకు అర్థం "ఎప్పటికీ లేదు" అని.

నీళ్ళ సంగతి ఇంకా చిత్రం. వాలుకు అడ్డంగా కంతల్లేని గోడ కడితే అది గోడ కాదు, చెరువుకట్ట. ఎగువన ఉన్న చేలు మునుగుతాయి, దిగువన ఉన్న కుంటకు నీరందదు. నల్లరేగడిలో అయితే వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి ఆ గోడే రెండేళ్ళలో పగుళ్ళిస్తుంది. ఏ వాన ఎటు పారుతుందో ఆ ఊరి నీరుగట్టిని అడిగితే నిమిషంలో చెబుతాడు. తూములు ఎక్కడ పెట్టాలో అతన్ని అడగడానికి ఇంజనీరుగారికి నామోషీ ఎందుకు?

గోడ దాటి గేటు దగ్గరికి వద్దాం. ఇప్పుడు కొత్త పద్ధతులు వస్తున్నాయి. సెల్‌ఫోనుతో గళ్ళబొమ్మ మీద గురిపెడితే ఓపీ టోకెన్ వస్తుందట. మంచిదే, లైను తగ్గుతుంది. కానీ ఆరోగ్య ఖాతా నంబరు తీసుకోవడం ఎవరికివారి ఇష్టమే తప్ప నిర్బంధం కాదు. ఫోను లేని కూలికి కిటికీ దగ్గర మనిషి చేత్తో రాసిచ్చే చీటీ కూడా ఉండి తీరాలి. పాస్ మీద వేళలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదువు రాని వాళ్ళకు నోటితో చెప్పే మనిషి ఉండాలి. పాస్ పద్ధతి పెట్టినచోట, బయట మిగిలిపోయే బంధువుకు తల దాచుకునే షెడ్డు, మంచినీళ్ళు, మరుగుదొడ్డి గోడ లోపలే కట్టాలి. ఇవి లేకుండా పాస్ పెడితే దాని ఫలితం ఒక్కటే. చెట్టు కింద పడుకున్నవాడు యాభై కాగితం తీస్తాడు, గేటు తెరుచుకుంటుంది.

ఆ యాభై తీసుకున్నవాణ్ణి తిట్టేముందు అతనెవరో చూడండి. అతను మనవాడే. మేము చూసిన ఆ ఊళ్ళో భూమి పోయిన ఇంటి కుర్రవాడికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఇచ్చారు. ఏజెన్సీ కింద సెక్యూరిటీ గార్డు. తండ్రి దున్నిన చెలక మీదే, ఒంటికి సరిపడని నీలం చొక్కా వేసుకుని పన్నెండు గంటలు నిలబడి, తన ఊరివాళ్ళనే ఆపుతున్నాడు. జీతం రెండు నెలలకోసారి వస్తుంది. పి.ఎఫ్. కోసినట్టు కాగితంలో ఉంటుంది, ఖాతాలో ఉండదు. పాత కార్మిక చట్టాలను చుట్టచుట్టి 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లో పెట్టింది. ఎన్నో హక్కులు కోసుకుపోయిన ఆ కోడ్‌లలో కూడా కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలన్న బాధ్యత మిగిలే ఉంది. దాన్ని పట్టుకుందాం. ఎనిమిది గంటల డ్యూటీ, నెలనెలా జీతం, కాస్త శిక్షణ, రాత్రిపూట ఆడ గార్డులు ఉంటే గేటు దగ్గర లంచమూ తగ్గుతుంది, నర్సమ్మకు ధైర్యమూ పెరుగుతుంది. ఆకలితో ఉన్న కాపలా ఎవరికీ కాపలా కాదు.

చివరిగా, అన్నిటికన్నా పెద్ద గేటు సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం కింద ఇవ్వాలని నిర్ణయించింది. ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల అందులో మొదటి విడత. భూమి ప్రజలది. గోడ లోపలి పెత్తనం పెట్టుబడిదారుకు ఇస్తే రేపు ఆ గేటు దగ్గర మన సంచి దులిపి వెతికేది కత్తి కోసం కాదు, కాగితాల కోసం, డబ్బు కోసం. అప్పుడు లోపలికి ఎవరు పోవాలో నిర్ణయించేది గార్డు కాదు, బిల్లు కౌంటరు. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు దొర గడీ గోడ చూస్తే చెప్పులు చేతబట్టుకునేవాళ్ళు. ఆ గోడల ముందు తలెత్తిన జనం మళ్ళీ వైద్యం కోసం మరో గడీ ముందు చేతులు కట్టుకోవాలా?

కనుక వైద్య కళాశాల వచ్చిన, వస్తున్న ప్రతి ఊళ్ళోనూ మన సంఘాలు ఇప్పుడే కదలాలి. గ్రామ నక్షా నకలు తీయించండి. డొంకలూ వాగులూ గుర్తు పెట్టండి. గోడ గీత గ్రామసభలో చూపించాకే పునాది తవ్వాలని తీర్మానం చేయించండి. బతుకుతెరువు పోయే కూలీల, కౌలుదార్ల జాబితా రాసి తహసీల్దారు చేతికిచ్చి రసీదు తీసుకోండి. ఊరి వైపు రెండో గేటు, గోడకు తూములు, ఎమర్జెన్సీకి అడ్డులేని దారి, బంధువులకు షెడ్డు, గార్డులకు నెలనెలా జీతం రాతపూర్వకంగా అడగండి. ఈ కోరికలతో జూనియర్ డాక్టర్ల దగ్గరికి, నర్సుల సంఘాల దగ్గరికి కూడా వెళ్ళండి. గడియ ఉన్న డ్యూటీ గది, వెలుగు ఉన్న వరండా, సరిపడా సిబ్బంది, ఇవి వాళ్ళ కోరికలు. వాటిని మన కోరికల పత్రంలో మొదటి వరసలో రాయండి. వాళ్ళూ మనమూ ఒక పత్రం కింద సంతకాలు పెట్టిన నాడు, గేటుకు అటొకరు ఇటొకరుగా నిలబడే గతి తప్పుతుంది.

గోడ కట్టేది మన చేతులే. ఇటుక మోసేది మనమే, మాలు కలిపేది మనమే. గేటు ఎటు ఉండాలో చెప్పే హక్కు కూడా మనదే.